పద్నాలుగో సీసా

పూర్ణిమకు సూది అంటే భయం. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఆమెకు పదకొండేళ్ల వయసులో తల్లి జంగమ్మకు నాలుగు రోజులు జ్వరం తగ్గకపోతే, తండ్రి బుచ్చయ్య తల్లీకూతుళ్లను ఆటోలో శంషాబాద్ తీసుకొచ్చి ఒక డాక్టరుకు చూపించాడు. డాక్టరు సూది వేశాడు. బుచ్చయ్య మందులు కొనడానికి పక్క దుకాణానికి వెళ్లాడు. బెంచీ మీద కూర్చున్న జంగమ్మ మెడ గోక్కుంటూ, నాలుక మందమైతున్నది బిడ్డా అంది. ఆ తర్వాత మాట రాలేదు. పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఈల వేసినట్టు వినిపించింది. బుచ్చయ్య మందుల పొట్లంతో తిరిగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆమెకు పెన్సిలిన్ పడలేదని తర్వాత ఎవరో చెప్పారు. పూర్ణిమకు ఇంగ్లిషు చదవడం సరిగ్గా రాని రోజుల్లోనే ఆ మందు పేరు మాత్రం తప్పు లేకుండా రాయడం వచ్చింది.

వాళ్లది తొండుపల్లి. ఎయిర్‌పోర్టు వచ్చినప్పుడు బుచ్చయ్య పొలంలో చాలా భాగం పోయింది. 2008లో విమానాలు దిగడం మొదలయ్యేనాటికి ఆయనకు మిగిలింది ఎకరం పైచిలుకు నేల, అయిదు బర్రెలు. పూర్ణిమ డిగ్రీ పూర్తి చేసి, శంషాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు డెయిరీ వాళ్ల పాల శీతలీకరణ కేంద్రంలో ల్యాబ్ పనికి చేరింది. ఎయిర్‌పోర్టులో సరుకులు ఎక్కించే పని చేసే అరవింద్‌ను పెళ్లి చేసుకుని శంషాబాద్‌లోనే కిరాయి ఇంట్లో ఉండేది. ఆదివారం ఆదివారం తండ్రి దగ్గరికి పోయి వచ్చేది.

మొదట్లో ఆమె పని వెన్న శాతం చూడటం, నీళ్లు కలిపారా, ఉప్పు కలిపారా అని చూడటం. 2011లో డెయిరీ పెరుగు రెండు మూడుసార్లు తోడుకోకుండా నీళ్లలా ఉండిపోయింది. పశువులకు వాడిన మందులు పాలలోకి వస్తున్నాయని, అవి తోడులోని సూక్ష్మజీవులను చంపేస్తున్నాయని తేలింది. అప్పటి నుంచి ఊరూరి పాలకూ మందుల పరీక్ష పెట్టారు.

ల్యాబ్ పెద్ద రాజారావుగారు గుంటూరు వైపు మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు. పరీక్ష ఎలా చేయాలో ఆమెకు ఆయనే నేర్పారు. ఒక పళ్లెంలో చిన్న చిన్న గుంటలు ఉంటాయి. ఒక్కో గుంటలో ఊదా రంగు ముద్ద. అందులో పాలచుక్క వేసి వెచ్చటి పెట్టెలో మూడు గంటలు ఉంచాలి. ముద్దలో ఉన్న సూక్ష్మజీవులు బతికి పెరిగితే రంగు పసుపుకు మారుతుంది. పాలలో మందు ఉంటే అవి చస్తాయి, ఊదా ఊదాగానే ఉండిపోతుంది. పసుపు అయితే పాలు పంపాలి, ఊదా అయితే ఆపాలి. అంతే అని ఆయన చెప్పారు.

పూర్ణిమకు అది అంతే కాలేదు. పాలలో ఏ మందులు దొరుకుతాయని అడిగితే, ఆయన చెప్పిన మొదటి పేరు పెన్సిలిన్. రెండేళ్లలో ఊదా వచ్చింది ఆరుసార్లు. ఆరుసార్లూ ఆ ఊరి పాలు పారబోయించింది. ఎంత బతిమాలినా వినదని ఊళ్లలో పేరు పడింది.

2012 దసరా ముందర ఆమె ఉండే వీధిలోకి కామాక్షి అనే ఆవిడ కుటుంబం వచ్చింది. రాజమండ్రి వాళ్లు. భర్త కార్తీక్‌కు ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. వాళ్లకు చిన్మయి అని నాలుగేళ్ల పాప. పాపకు ఏడాది కిందట గొంతునొప్పికి ఏదో మందు వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి, రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచాల్సి వచ్చిందట. పెన్సిలిన్ జాతి మందు ఏదీ ఇవ్వకూడదని డాక్టర్లు రాసిన చీటీ కామాక్షి పర్సులో ఎప్పుడూ ఉండేది. ఆ చీటీ చూశాక పూర్ణిమకు ఆ పాప మీద ఒక రకమైన బెంగ పట్టుకుంది. ప్యాకెట్ పాలు పాపకు సరిపడటం లేదు, నమ్మకంగా పాలు పోసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని కామాక్షి అడిగినప్పుడు, తన తండ్రి పేరు చెప్పింది. మా బాపు పాలు నేనే పరీక్ష చేస్త, మీకు భయం అక్కర్లేదు అని కూడా అంది.

అప్పటి నుంచి బుచ్చయ్య రోజూ పొద్దున్నే మోపెడ్ మీద రెండు లీటర్లు వాళ్లింట్లో పోసి వెళ్లేవాడు. మిగిలిన పాలు తొండుపల్లి పాలకేంద్రానికి పోసేవాడు. అక్కడి పాలు పూర్ణిమ ల్యాబ్‌కే పరీక్షకు వచ్చేవి.

2013 ఏప్రిల్ నెలాఖరు. ఆ రోజు పదకొండు గంటలకు పూర్ణిమ పెట్టె మూత తీసింది. పళ్లెంలో గుంటలన్నీ పసుపు. ఒక్కటి మాత్రం ఊదా. దాని పక్కన అంటించిన చీటీ మీద తొండుపల్లి అని ఉంది.

ఎవరి పాలలో మందు ఉందో తెలుసుకోవడానికి ఇంకో దారి ఉండేది. ప్రతి రైతు పాలూ చిన్న సీసాలో కొంచెం తీసి క్యాన్లతో పాటు పంపేవాళ్లు. ఆ పాలలో కాగితపు పట్టీ ముంచితే పది నిమిషాల్లో రెండు గీతలు రావాలి. రెండో గీత రాకపోతే మందు ఉన్నట్టు. పూర్ణిమ పందొమ్మిది సీసాలు వరుసగా పెట్టింది. పదమూడింటికి రెండు గీతలూ వచ్చాయి. పద్నాలుగో సీసాకు రాలేదు. పట్టీ చెడిపోయిందేమోనని ఇంకోటి ముంచింది. దానికీ రాలేదు. సీసా తిప్పి పేరు చదివింది. బుచ్చయ్య.

ఆ రోజు రాజారావుగారు కాటేదాన్‌లో ఏదో మిషను బాగు చేయించడానికి వెళ్లారు. ల్యాబ్‌లో ఆమె ఒక్కతే ఉంది. కిటికీ బయట తొండుపల్లి పాలు కలిసిన ట్యాంకర్ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ల్యాబ్ నుంచి చీటీ వస్తే డ్రైవర్ కదులుతాడు.

తండ్రి పేరు బయటపడితే తొండుపల్లి పాలకేంద్రం వాళ్లు ఇక ఆయన పాలు పోయించుకోరని ఆమెకు తెలుసు. అంతకు ముందు అట్లా ఇద్దరిని ఆపించింది తనే. భూమి పోయాక ఆ మనిషిని నిలబెట్టినవి ఆ బర్రెలే. పదివేల లీటర్ల ట్యాంకులో తన తండ్రి పాలు ఎన్ని, పల్చబడి ఏమీ లేకుండా పోతాయిలే అనుకుంది. రిజిస్టర్‌లో తొండుపల్లి ఎదురుగా పసుపు అని రాసింది. చీటీ మీద సంతకం పెట్టి డ్రైవర్‌కు ఇచ్చింది. పళ్లెం కడిగేసింది. పట్టీలు చెత్తబుట్టలో వేసి, పైన కాగితాలు కప్పింది. ట్యాంకర్ గేటు దాటేదాకా కిటికీ దగ్గరే నిలబడింది.

పన్నెండు దాటాక అన్నం డబ్బా తెరిచింది. రెండు ముద్దలు తిన్నాక, ట్యాంకులో కలవని పాల సంగతి గుర్తొచ్చింది.

డబ్బా అట్లాగే వదిలేసి తండ్రికి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు.

“బాపు, కొత్తగ ఈనిన బర్రెకు ఏమన్న మందు ఎక్కించినవా?”

“పొదుగు వాచింది బిడ్డా. మొన్న సాయంత్రం మందుల దుకాణంల మందు గొట్టం తెచ్చి పొదుగుల ఎక్కించిన. నిన్న రెండు పూటల పాలు పారబోసిన. ఇయ్యాల మంచిగనే కనపడ్డయి. ఏందే, ఏమైంది?”

“కామాక్షమ్మ ఇంట్ల ఏ పాలు పోసినవ్?”

“గవే పోసిన. ఈని నెల దాటలే గదా, పాలు తేలికుంటయి. పొల్లకు మంచిగ అరుగుతయని ఆ బర్రె పాలు యాదితోని వాళ్లకే పోస్త.”

ఎన్ని రోజులు పాలు ఆపాలో దుకాణం అతను చెప్పలేదా అని పూర్ణిమ అడిగింది. చెప్పలేదన్నాడు. మరిగిస్తే మందు పోతది గదా బిడ్డా అన్నాడు. పోదని చెప్పే ఓపిక లేక ఫోన్ పెట్టేసింది.

కామాక్షికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ల్యాబ్ నుంచి రోడ్డు దాకా పరుగెత్తింది. ఎండకు తారు మెత్తబడి చెప్పులు అంటుకుంటున్నాయి. షేర్ ఆటో వాడు ఇంకో ఇద్దరు ఎక్కితే గాని కదలనన్నాడు. వాళ్ల కిరాయి కూడా నేనే ఇస్తా పోనియ్యి అంటే, వాడు ఆమె మొహం చూసి ఇంకేమీ అడగకుండా బండి తీశాడు. దారి పొడుగునా ఆమెకు ఆ పాత బెంచీ, ఆ ఈల లాంటి చప్పుడే. పాప పొద్దున్నే పాలు తాగదని, సెలవుల్లో పది దాటాక తాగుతుందని కామాక్షి ఎప్పుడో అన్న మాట గుర్తు చేసుకుంది. పది దాటి మూడు గంటలు అవుతోంది.

ఇంటికి తాళం వేసి ఉంది. పాప చెప్పులు గడప దగ్గర ఒకటి ఇటు, ఒకటి అటు పడి ఉన్నాయి. పక్కింటి పోశవ్వ బట్టలు ఆరేస్తూ చెప్పింది. పాప మూతి ఇంతగా ఉబ్బిందని, తల్లి ఎత్తుకుని ఆటోలో పిల్లల దవాఖానకు ఉరికిందని. ఏ దవాఖానో ఆమెకు తెలియదు.

ఆ చుట్టుపక్కల పిల్లల దవాఖానలు మూడున్నాయి. మొదటిదానిలో అట్లాంటి పాప ఎవరూ రాలేదన్నారు. రెండోదానిలో కౌంటర్ దగ్గరున్న అమ్మాయి రిజిస్టర్‌లో వేలు పెట్టి వెతికింది. ఆ వేలు కిందికి జరుగుతున్నంతసేపు పూర్ణిమ కౌంటర్ అంచు పట్టుకుని నిలబడింది. చిన్మయి, నాలుగేళ్లు, పైన రెండో గది అని ఆ అమ్మాయి చెప్పింది. ఉందా అని అడిగింది పూర్ణిమ. ఆమె అడుగుతున్నదేమిటో ఆ అమ్మాయికి అర్థం కాలేదు. పైనే ఉన్నారండీ అంది.

పాప బతికే ఉంది. ముక్కుకు మాస్కు, చేతికి సెలైన్. కళ్లు ఉబ్బి గీతల్లా ఉన్నాయి. మెడ మీద, చేతుల మీద ఎర్రటి దద్దుర్లు. ఊపిరి ఆడుతోంది. పూర్ణిమ గుమ్మంలోనే నిలబడి ఆ ఊపిరిని చాలాసేపు చూసింది.

కామాక్షి ఆమెను చూసి, మీకెలా తెలిసిందండీ, వచ్చారా అంటూ చేయి పట్టుకుంది. హడావుడిలో ఫోన్ ఇంట్లోనే మరిచిపోయిందట. ఏం తిన్నదో ఎంత ఆలోచించినా తట్టడం లేదని, నిన్న పల్లీ పట్టీ ఒకటి తిన్నదని, అదే అయి ఉంటుందని చెప్పింది. గండం గడిచిందని, కాసేపాగి కొంచెం కొంచెంగా ఏదైనా తాగించవచ్చని డాక్టరమ్మ చెప్పి వెళ్లిందట. కార్తీక్ డ్యూటీ నుంచి బయలుదేరాడట. మాట్లాడుతూనే సంచిలోంచి పాప నీళ్ల సీసా తీసింది. అందులో ఉన్నవి నీళ్లు కావు. పొద్దున సగం తాగి వదిలేసిన పాలు. పాప లేస్తే అడుగుతుందని కామాక్షి వాటినే పోసుకొచ్చింది.

పల్లీ పట్టీయే కారణమని అందరూ అనుకుంటున్నారు. సీసా ఏదో ఒక సాకుతో తీసుకుని బయటకు పోతే, ఎవరికీ ఏమీ తెలియకుండా పోతుంది. ఆ ఆలోచన తనకు వచ్చిందని పూర్ణిమ తర్వాత ఎవరి దగ్గరా దాచలేదు. కానీ పల్లీలు మానేసి, రేపు మళ్లీ ఇట్లాంటి పాలే తాగిస్తే అనుకుని, సీసాకు చేయి అడ్డం పెట్టింది.

“కామాక్షిగారూ, ఆ పాలు ఇవ్వకండి.”

“విరిగిపోయాయా?”

“కాదు. అందులో మందు ఉంది. మా బాపు బర్రెకు ఎక్కించిన మందు. పెన్సిలిన్ జాతిదే. పాపకు ఇట్ల అయింది దానివల్లే. పొద్దున నేనే పరీక్ష చేసిన.”

కామాక్షి చేతిలో సీసా అలాగే ఉండిపోయింది.

“ఎన్ని గంటలకు చేశారు?”

“పదకొండుకు.”

“ఇప్పుడు రెండయింది.”

కామాక్షి గొంతు పెంచలేదు. “మీరే పరీక్ష చేస్తానన్నారు కదండీ. ఆ మాటకే కదా నేను తీసుకున్నది” అంది. తర్వాత పాప వైపు తిరిగి కూర్చుంది. మళ్లీ పూర్ణిమ వైపు చూడలేదు.

డాక్టరమ్మను పిలిచి అదంతా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆమె సీసా తీసుకుని, ఏ మందు, ఎప్పుడు ఎక్కించారు అని అడిగి కాగితం మీద రాసుకుంది. తగ్గినట్టు తగ్గి కొన్ని గంటల్లో మళ్లీ తిరగబెట్టవచ్చని, రేపటిదాకా పాపను కదిలించొద్దని చెప్పింది. ఆ మాట విన్నాక పూర్ణిమ ఇంటికి పోలేకపోయింది. గది బయట మెట్ల మీద కూర్చుంది. లోపల పాప దగ్గినప్పుడల్లా లేచి నిలబడింది. కార్తీక్ వచ్చి ఆమె పక్కనుంచే మెట్లెక్కి వెళ్లాడు. ఆమె ఎవరో అప్పటికి అతనికి తెలియదు. పది నిమిషాల తర్వాత తెలిసి ఉంటుంది. గుమ్మం దాకా వచ్చి ఆమెను చూశాడు. కొడతాడేమోననుకుంది. అతను తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

ఆ మెట్ల మీద నుంచే రాజారావుగారికి ఫోన్ చేసింది. రిజిస్టర్‌లో తను రాసింది అబద్ధమని చెప్పింది. ఆయన ఒక్క మాటే అడిగారు, ట్యాంకర్ ఎన్నింటికి బయలుదేరిందని. పన్నెండుకు ముందే అని చెప్పగానే ఫోన్ పెట్టేశారు. ట్యాంకర్ అప్పటికే నగరానికి అటు వైపున్న పెద్ద ప్లాంటుకు చేరి, పాలు దించడానికి వరుసలో నిలబడి ఉంది. ఆయన ఫోన్‌తో దాన్ని పక్కకు పెట్టించారు. అక్కడ మళ్లీ పరీక్ష చేస్తే, పదివేల లీటర్లలో కలిసినా గుంట పసుపుకు తిరగలేదు. ఊదాగానే ఉంది. అన్ని పాలూ పారబోశారు. ఆ సంగతి ఆయన సాయంత్రం పూర్ణిమకు చెప్పారు. పల్చబడిపోతాయని తనకు తాను చెప్పుకున్న పాలు ఎన్ని ఇళ్లకు పోయేవో లెక్క కట్టడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

మర్నాడు మధ్యాహ్నం పాపను ఇంటికి పంపారు. అరవింద్ వెళ్లి కనుక్కొచ్చి చెప్పాడు.

అదే రోజు పొద్దున, రాత్రి కూతురు ఫోన్‌లో చెప్పిందంతా విన్న బుచ్చయ్య ఖాళీ క్యాన్‌తో తొండుపల్లి పాలకేంద్రానికి పోయాడు. పాలు పోయడానికి వచ్చిన వాళ్లందరి ముందు, నిన్నటి మందు తన బర్రెదేనని చెప్పాడు. కేంద్రం చూసే సత్తయ్య, నిన్ను ఎవరు అడిగిండ్రు ఇప్పుడు అన్నాడట. ఎవరూ అడగకముందే చెప్పాలని వచ్చిన అన్నాడట బుచ్చయ్య. వాళ్లు మూడు నెలలు ఆయన పాలు ఆపేశారు. ఆ మూడు నెలల్లో రెండు బర్రెలను అమ్ముకున్నాడు. కూతురితో ఒక్క మాటా అనలేదు. ఒక ఆదివారం మాత్రం, మీ అమ్మ సంగతి యాదికి రాలేదే నాకు, పాలు పోస్తుంటే యాదికే రాలేదు అని తలుపు మూల కూర్చుని ఏడ్చాడు.

రాజారావుగారు పూర్ణిమను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. “చెప్పావు కాబట్టి నిన్ను ఉంచాలో, రాశావు కాబట్టి తీసేయాలో నాకు తెలియడం లేదమ్మా” అన్నారు. తీసేయలేదు. ఆరు నెలలు ల్యాబ్‌లో అడుగు పెట్టనివ్వలేదు. క్యాన్లు కడిగే చోట వేశారు. మళ్లీ లోపలికి పిలిచినప్పుడు కొత్త పద్ధతి పెట్టారు. పెట్టె మూత తీసేటప్పుడు ఇద్దరు ఉండాలి, ఇద్దరూ చూసి ఇద్దరూ సంతకం పెట్టాలి. దగ్గరివాళ్ల పాలు ఎవరూ పరీక్షించకూడదు.

అప్పటి నుంచి పూర్ణిమ వారానికి ఒక రోజు ఊళ్లు తిరగడం మొదలుపెట్టింది. మందు ఎక్కించిన బర్రె కాలికి ఎర్రగుడ్డ కట్టండి, డాక్టరు చెప్పిన రోజులు దాటేదాకా విప్పకండి, ఆ పాలు దూడకు కూడా తాపకండి అని చెప్పేది. కొందరు విన్నారు. కొందరు నవ్వారు. మీ బాపుకు ముందు చెప్పకపోయినవ్ అని ఒకాయన మొహం మీదే అన్నాడు. అది నిజమేనని ఒప్పుకుని, ఎర్రగుడ్డ సంగతి మళ్లీ చెప్పింది.

కామాక్షి వాళ్లు ఆ వేసవిలోనే ఇల్లు ఖాళీ చేసి బడంగ్‌పేట్ వైపు వెళ్లిపోయారు. వెళ్లేదాకా ఎన్నడూ పూర్ణిమతో మాట్లాడలేదు. 2014 జూలైలో ఒక సాయంత్రం శంషాబాద్ బస్టాపులో పూర్ణిమ వాళ్లను చూసింది. చిన్మయి స్కూలు యూనిఫాంలో ఉంది, ముందు పళ్లు రెండు ఊడాయి. పూర్ణిమ చప్పున ఒక పండ్ల బండి వెనక్కి జరిగింది. అయినా కామాక్షి చూసింది. పాపను అక్కడే నిలబెట్టి బండి దగ్గరకు వచ్చింది. బాగున్నారా అనలేదు. ఏడాదిగా ఎవరినీ అడగలేకపోయిన మాటలా, నేరుగా అడిగింది.

“ప్యాకెట్ పాలలో ఉండదు కదండీ ఆ మందు?”

ఉండదు అనే మాట పూర్ణిమ నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

“పరీక్ష చేస్తరు. మా దగ్గర ఇద్దరం చూస్తున్నం. గంతకన్న ఎక్కువ నేను చెప్పలేనండీ.”

కామాక్షి తల ఊపింది. ఇంతలో బస్సు వచ్చింది. ఆవిడ వెనక్కి పరుగెత్తి, పాప చేయి గట్టిగా పట్టుకుని ఎక్కించింది.